తలనొప్పి పొట్లం

లారీ ఇంజన్ ఆగలేదు. మనిషే ఆగిపోయాడు.

షంషాబాద్‌లో బెంగుళూరు రోడ్డు మీద, పట్టపగలు పదకొండు గంటలకు, ఉల్లిగడ్డల లోడు లారీలో డ్రైవర్ బాలమల్లు స్టీరింగ్ మీద తల వాల్చి కూర్చున్నాడు. వెనక బస్సువాడు హారన్ కొట్టీ కొట్టీ విసుగెత్తి, దిగి వచ్చి బూతులు ఎత్తుకున్నాడు. రెండో బూతు సగంలోనే ఆగిపోయింది. బాలమల్లు పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగి ఉన్నాయి.

ఎదురుగా పంక్చర్ షాపులో ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు చూస్తున్న మనిషి, ట్యూబు వదిలేసి ఉరికాడు. మాసిన బనీను, చెవి మీద బీడీ, గోళ్లనిండా నల్ల గ్రీజు. ఆరు నెలలుగా ఆ రోడ్డుకు అతను పంక్చర్ మేస్త్రీ. పేరు మార్కు, అసలు పని వేరే. ఏ టెలిఫోన్ డైరెక్టరీలోనూ కనపడని డెస్క్-11 అనే ఆఫీసుకు ఏజెంట్.

మార్కు లారీ ఎక్కి బాలమల్లు కనురెప్పను వేలితో ఎత్తి చూశాడు. కంటిపాప సూదిమొనంత అయిపోయింది. పిడికిట్లో సగం విప్పిన తెల్లకాగితం పొట్లం. దాబాల దగ్గర డ్రైవర్లకూ క్లీనర్లకూ అమ్మే 'తలనొప్పి పొట్లం.' ఇది తొమ్మిదో చావు. బాలమల్లుది పాల్మాకుల, మార్కుదీ పాల్మాకులే. ఒకే బడి, ఒకే బెంచీ.

తొమ్మిది మంది చచ్చారు. పేపర్లో ఒక్క అక్షరం లేదు. లారీ డ్రైవర్ చస్తే తాగి చచ్చాడంటారు, కూలివాడు చస్తే ఎండకు చచ్చాడంటారు. ఎవడు దేనికి చచ్చాడో అడగాలంటే ముందు అది మనిషి శవమని ఒప్పుకోవాలి కదా!

శవాన్ని సర్కారు దవాఖానకు తెచ్చారు. అక్కడి నర్సు ప్రేమమ్మ మార్కుకు సొంత అక్క. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆమే. బాలమల్లు కళ్లు మూసి, చెయ్యి కడుక్కుని, తమ్ముణ్ణి పక్కకు లాగింది.

"మొన్న గిట్లనే ఇద్దర్ని తెచ్చిన్రు. ఇద్దరూ బతికిన్రు, తెలుసునా?"

"ఎట్ల బతికిన్రక్కా?"

"సిటీల పెద్దదవాఖాన ఆపరేషన్ థియేటర్ నుంచి నాలుగు సూదులు అడుక్కొచ్చిన. నాలోక్సోన్. ఏసిన రెండు నిమిషాలకు లేచి కూసున్నరు. ఒకడైతే 'నన్నెందుకు లేపినవ్' అని నన్నే తిట్టె." ఆమె గొంతు తగ్గించింది. "వాళ్ల పొట్లాన్ని పెద్దదవాఖానల నల్లమందు టెస్టు చేసిన్రు. ఏం లేదన్నరు. గీ సూది సారాకు పనిచెయ్యదు, నిద్రగోలీకి పనిచెయ్యదు. నల్లమందు జాతికే పనిచేస్తది. మరి టెస్టు అబద్ధమా, సూది అబద్ధమా?"

"రెండూ నిజమే అయితే?"

"అయితే ఆ టెస్టుకు మొఖం తెలువని కొత్తది ఏదో వచ్చింది. ఫ్యాక్టరీల పుట్టింది. గోరంచు మీద పట్టేంత ఏస్తే మనిషి పడిపోతడు. గంతే."

ల్యాబులు, మైక్రోస్కోపులు, డిగ్రీలు ఆరు నెలల్లో చెప్పని సంగతి, చీర కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ ఒక నర్సు నిమిషంలో చెప్పేసింది.

ఆ సాయంత్రమే మార్కు బేగంపేట వెళ్లాడు. ఎయిర్‌పోర్టు గోడకు ఆనుకుని ఒక పాత బంగళా. బయట బోర్డు మీద 'విత్తన పరీక్షా కేంద్రం.' లోపల డెస్క్-11. డైరెక్టర్ నరసరాజుకు ఉతికిన గంజి చొక్కా, వెండి జుట్టు, మెత్తని గోదావరి మాట. గోడకు ఫ్రేము కట్టిన మూడు మెడల్స్, మూడూ వరుసగా మూడేళ్లలో వచ్చినవి. ఎక్సైజ్ కానిస్టేబుల్‌గా ఉన్న మార్కును ఏరి తెచ్చుకున్నది ఆయనే. పాల్మాకులలో మార్కు పెళ్లికి చర్చి ముందు వరుసలో కూర్చుని, అందరితో పాటు పందిట్లో చేత్తో తిన్న ఒకే ఒక్క ఆఫీసరు కూడా ఆయనే. నరసరాజు బావిలో దూకమంటే, లోతెంతని కూడా అడగకుండా దూకే రకం మార్కు.

స్లైడ్ ప్రొజెక్టర్ టక్కుమంది. తెర మీద పాలిపోయిన తెల్లమొహం.

"ఎమిల్ క్రోల్. నాలుగు పాస్‌పోర్టులు, ఏడు పేర్లు. ఐరోపా వీధుల్లో అమ్మడానికి కొత్త సింథటిక్ ఓపియాయిడ్ తయారు చేయిస్తున్నాడు. హెరాయిన్ దీని ముందు పిల్లల మందు. కాటేదాన్‌లో రంగుల ఫ్యాక్టరీ పేరుతో షెడ్డు అద్దెకు తీసుకున్నాడు. ఎంత కలిపితే మనిషి తూలతాడో, ఎంత కలిపితే పోతాడో లెక్క తేల్చుకోవడానికి మీ రోడ్డును వాడుకుంటున్నాడయ్యా."

"మరి ఆస్పత్రులకు ఒక్క సర్క్యులర్ పంపండి సార్. సూదులు పెట్టుకుంటారు, మనుషులు బతుకుతారు."

"పంపితే క్రోల్‌కు తెలిసిపోదూ? తొందరపడకు మార్కూ. షెడ్డులో మన మనిషి ఉంది. కెమిస్ట్ బిందు. డబుల్ ఏజెంట్. వాడు తన మనిషి అనుకుంటున్నాడు, ఆవిడ మన మనిషి. కోడ్ వర్డ్ రాసుకో."

చేతిలో ఒక ప్రెషర్ గేజ్ పెట్టాడు. టైరు గాలి చూసే గేజే. కానీ లోపల ఇంగ్లండ్ నుంచి తెప్పించిన ట్రాన్స్‌మిటర్. దాని ఖరీదుతో జిల్లా దవాఖానలన్నిటికీ సూదులు వచ్చేవి. ఆ మాట మార్కు నాలుక చివరి దాకా వచ్చింది. సార్ మీద గౌరవంతో మింగేశాడు.

శనివారం షాపు ముందు తెల్ల మారుతి ఆగింది. నెమలికంఠం రంగు చీర, నల్ల కళ్లద్దాలు. దాబాలో రొట్టెలు తింటున్న పది మంది నోళ్లు నమలడం మరిచిపోయాయి.

"స్టెప్నీలో గాలి నిలవట్లేదండీ."

"గాలిది తప్పు కాదు మేడం, రోడ్డుది."

కోడ్ కలిసింది. బిందు కారు దిగకుండానే అద్దం సగం దించింది. "శుక్రవారం పని పూర్తవుతుంది. నలభై వేల పొట్లాలు. సాయంత్రం ఆరింటికి బెంగుళూరు రోడ్డు, బొంబాయి రోడ్డు దాబాలన్నిటికీ ఒకేసారి పంచేస్తారు. ఈసారి డోసు ఎక్కువ. ఫలితం చూపించాకే కొనేవాళ్లు నమ్ముతారట."

"నలభై వేలా?" మార్కుకు చేతిలో రెంచి బరువెక్కింది. "ఎంతమంది పోతరో తెలుసునా మీకు?"

"నన్నేం అడగకండి. నేను చెప్పేదాన్ని మాత్రమే." అద్దం పైకి లేచింది.

నరసరాజుతో మాట్లాడి శుక్రవారం మధ్యాహ్నం దాడి ఖాయం చేసుకున్నాడు. ఆ రాత్రి అన్నం తింటూ అక్కకు ఒక్క ముక్క చెప్పాడు: "శుక్రవారం కాటేదాన్ల పని ఉన్నదక్కా. సూదులు తయారుగ పెట్టుకో."

కానీ బుధవారం పొద్దున పది గంటలకు దవాఖాన గుమ్మంలో రెండు శవాలు దిగాయి. ఒకటి క్లీనర్‌ది, ఒకటి ఉల్లిగడ్డలు దింపే ఆడమనిషిది. మార్కుకు ఇక కాలు నిలవలేదు. ఎస్టీడీ బూతులోకి దూరి బేగంపేటకు ఫోను తిప్పాడు.

"శుక్రవారం దాకా ఆగను సార్. ఇవ్వాళే, మధ్యాహ్నం రెండింటికి కొడతాను."

నరసరాజు వెంటనే ఒప్పుకున్నాడు. "సరే. నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియకూడదు."

రెండింటికి, ఎక్కడికో చెప్పకుండా వెంటబెట్టుకొచ్చిన నలుగురు మనుషులతో కాటేదాన్ షెడ్డు తలుపు పగలగొట్టాడు. లోపల ఎవడూ లేడు. సిమెంటు నేల తడితడిగా ఉంది. మూలన కిరోసిన్ స్టవ్ మీద గిన్నెలో అన్నం అడుగంటి మాడుతోంది. మూడు పళ్లాల్లో పప్పు వడ్డించి ఉంది, ఒక ముద్ద కలిపి వదిలేశారు. ఫోను రిసీవరు తీగకు వేలాడుతూ ఇంకా కూస్తోంది. పొట్లం కాదు గదా, పొట్లం కాగితం కూడా లేదు.

సాయంత్రం బంగళాలో నరసరాజు కాఫీ ఇవ్వలేదు. కూర్చోమనలేదు.

"మీ అక్కగారు ఆదివారం చర్చిలో ఏం చేశారో తెలుసా? ప్రార్థన చీటీ రాసిచ్చారట. 'శుక్రవారం నా తమ్ముడు కాటేదాన్‌లో ప్రమాదమైన పని మీద పోతున్నడు, దేవుని కాపుదల కోసం ప్రార్థించండి' అని. పాస్టరు మైకులో చదివాడు. రెండు వందల మంది ఆమెన్ అన్నారు. ఊరంతా తిరిగే మాట క్రోల్ చెవికి చేరదా? నేను నిన్ను నమ్మానయ్యా!"

మార్కు తల దించుకున్నాడు. నిజమే. వాళ్ల చర్చిలో ఎవరింట్లో జ్వరమొచ్చినా, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినా, గేదె ఈనకపోయినా చీటీ రాయాల్సిందే, పాస్టరు మైకులో చదవాల్సిందే. అక్క రాయకుండా ఉంటుందా! ఆ సంగతి ముందే తట్టని తనదే బుద్ధి తక్కువ. రివాల్వర్ బల్ల మీద పెట్టాడు. ఐడెంటిటీ కార్డు పెట్టాడు. ప్రెషర్ గేజ్ కూడా పెట్టాడు. సస్పెన్షన్ కాగితం తీసుకుని బయటపడ్డాడు. తొమ్మిదేళ్ల సర్వీసులో సార్ ముందు తల వంచుకోవడం అదే మొదలు.

మర్నాడు పొద్దున్నే ఇంటికెళ్లి, ఖాళీ షెడ్డు సంగతంతా చెప్పి అక్క మీద విరుచుకుపడ్డాడు.

"నీకు దేవుడికి చెప్పాల్నంటే చెవిల చెప్పరాదే? మైకుల చెప్పిస్తవా? నా కొంప ముంచినవ్ గదనే!"

ప్రేమమ్మ బియ్యం చెరుగుతూ చెరుగుతూ ఆగింది. మొదట ఏడ్చింది. ఆ తరువాత ఏడుపు ఆపి, చేట కింద పెట్టి, తమ్ముడి మొహంలోకి చూసింది.

"నేను చీటీల ఏమని రాసిన?"

"శుక్రవారమని."

"నువ్వు పోయింది?"

"బుధారం."

"అన్నం పొయ్యి మీదనే ఉన్నదంటివి. ముద్ద కలిపి లేచిన్రంటివి. శుక్రారం దాకా తీరిక ఉన్నదని తెలిసినోడు, బుధారం తినే అన్నం ఇడిచి ఉరుకుతడార? నా చీటీ విన్నోడు బేస్తారం నిమ్మళంగ సదురుకుంటడు. పళ్లెం ముందల నుంచి లేచినోనికి బుధారం అని ఎవడో అప్పుడే ఫోన్‌ల చెప్పిండు. బుధారం సంగతి నువ్వెవరికి చెప్పినవ్?"

మార్కు చెవిలో ఫోన్లో సార్ అన్న మాట మోగింది: నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియకూడదు. తెలియలేదు. మూడో మనిషికి తెలియనే లేదు.

గోడకు ఒరిగి నేల మీద కూలబడ్డాడు. తుపాకీ గుండు తగిలితే ఇంత నొప్పి ఉండదు. దానికి తగిలిన చోటు తెలుస్తుంది.

షాపు దగ్గరికి వెళ్లేసరికి తెల్ల మారుతి నిలబడి ఉంది. బిందు పాత టైరు మీద కూర్చుని ఉంది. కళ్లద్దాలు లేవు, కళ్లు ఉబ్బి ఉన్నాయి. చేతిలో బొమ్మలాంటి చిన్న పిస్తోలు, నేరుగా మార్కు గుండె మీదికి.

"క్రోల్ నన్ను వదిలేసి సరుకుతో వెళ్లిపోయాడు. డైరెక్టర్ గారు నా ఫోన్ ఎత్తట్లేదు. రేపు నా శవాన్ని కూడా మీ అక్కగారి దగ్గరికే తెస్తారు. నన్ను అప్రూవర్‌గా రాయిస్తానంటే మాట్లాడతాను. లేదంటే ఇక్కడే తేల్చుకుందాం."

"తుపాకీ పక్కకు పెట్టి మాట్లాడు. రాయిస్త."

చెప్పింది. ఒక్కో మాటా మేకులా దిగింది. మొదటి మనిషి చచ్చిన వారానికే ఆ మందు అసలు శాంపిల్‌ను బిందు స్వయంగా నరసరాజు చేతిలో పెట్టింది. అది ల్యాబుకు చేరి ఉంటే పది రోజుల్లో టెస్టు తయారయ్యేది, ఆస్పత్రులన్నీ మేలుకునేవి. చేరలేదు. క్రోల్ తన పోటీదార్ల పేర్లు, అడ్డాలు ఒక్కొక్కటే నరసరాజుకు అందిస్తూ వచ్చాడు. ఆయన పట్టుకున్నాడు, మెడల్స్ తగిలించుకున్నాడు. బదులుగా షంషాబాద్ రోడ్డును క్రోల్‌కు వదిలేశాడు. రోడ్డుతో పాటు రోడ్డు మీది మనుషుల్ని కూడా.

"డోసుల పుస్తకం రాసింది నేనే," అంది బిందు, చూపు తిప్పుకుని. "కానీ నేను రాసింది మిల్లీగ్రాములేనండీ. పేర్లు రాయలేదు."

"పేర్లు మాకు యాదికున్నయ్. నువ్వు ఫికర్ చెయ్యకు. సరుకు ఎక్కడున్నది?"

"నాకు తెలియదు. క్రోల్‌కే తెలుసు. వాడు రేపు నాలుగు గంటల షార్జా ఫ్లైటు ఎక్కుతున్నాడు. ఎక్కాడంటే ఆరింటికి పంపకం మొదలవుతుంది."

శుక్రవారం మూడింటికి బేగంపేట ఎయిర్‌పోర్టు. గల్ఫ్‌కు పోయే కూలీలు, వాళ్లను సాగనంపే చుట్టాలు, ట్రంకుపెట్టెలు, పచ్చడి డబ్బాలు, ఏడుపులు. ఆ గుంపులో తెల్ల లాల్చీ వేసుకుని, బైబిలు చంకలో పెట్టుకుని ఒక పాస్టరుగారు నడుస్తున్నారు. వెనకే తోలుసంచీతో నర్సమ్మ. ఇద్దరు కూలీలు నిజంగానే పాస్టరు అనుకుని తలలు వంచారు. మార్కు వాళ్ల తలల మీద చెయ్యి పెట్టక తప్పలేదు.

కస్టమ్స్ సూపరింటెండెంట్ దశరథం ఎక్సైజ్ రోజుల్లో మార్కుతో కలిసి పనిచేసినవాడు. ఫోన్లో ముందే అన్నాడు: "అన్నా, పెట్టె ఇప్పుత. దొరికితే పట్టుకుంట. దొరకకపోతే నా నౌకరి పోతది, జర యాదుంచుకో."

క్రోల్ పెట్టె విప్పారు. టీపొడి డబ్బాలో పది తెల్లపొట్లాలు, మిల్లీగ్రాముల లెక్కలున్న ఒక నల్ల అట్ట నోట్‌బుక్కు. దశరథం కిట్టు తీసి పొడి మీద చుక్క వేశాడు. నల్లమందో హెరాయినో అయితే ఊదా రంగు రావాలి. అందరూ వంగి చూశారు. నిమిషం గడిచింది. రంగు రాలేదు. దశరథం మొహానికి చెమట పట్టింది.

"టాల్కం," అన్నాడు క్రోల్, నవ్వుతూ.

అప్పుడే మెత్తని బూట్ల చప్పుడు. నరసరాజు. చేతిలో సీలు వేసి, తన సంతకం కూడా పెట్టిన కాగితం. "దశరథం గారూ, ఇదిగో ప్రభుత్వ ల్యాబ్ రిపోర్టు. ఈ పొట్లాల్లో ఉన్నది సుద్దపొడి. నార్కోటిక్ ఏదీ లేదు. ఈ పాస్టరు వేషగాడు సస్పెండైన ఉద్యోగి. విదేశీయుణ్ణి వేధిస్తే దౌత్య సమస్య అవుతుంది, ఆలోచించుకోండి."

మైకులో షార్జా ఫ్లైటుకు చివరి పిలుపు.

మార్కు ఆయన కళ్లలోకి చూశాడు. పందిట్లో తన పక్కన కూర్చుని అన్నం కలిపిన మనిషి కళ్లే అవి. ఒక్క రెప్ప కూడా వాలలేదు.

"సుద్దపొడేనా సార్?"

"ల్యాబ్ చెప్తోంది కదయ్యా."

"అయితే నాకేం కాదు." ఎవరూ కదిలేలోగా ఒక పొట్లం చింపి నాలుక కింద పోసుకున్నాడు.

"ఒరేయ్ మార్కూ!" ప్రేమమ్మ కేక హాలంతా మోగింది. క్రోల్ జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. సుద్దపొడికి ఎవడూ అట్లా భయపడడు. దశరథం ఆ రెండడుగులూ చూశాడు.

మార్కుకు ముందు కాళ్లు వెచ్చబడ్డాయి. తరువాత కోపం పోయింది. బాలమల్లు మీద బెంగ పోయింది, సార్ మీద కక్ష పోయింది, అన్నీ పత్తిలా తేలిపోయాయి. పుట్టి బుద్ధెరిగాక అతను కోపం లేకుండా ఉన్నది ఆ ఒక్క నిమిషమే. ఇంత హాయిగా చంపుతుందన్న మాట! ఊపిరి తీసుకోవాలన్న సంగతే మరిచిపోయాడు. కళ్లు మూతపడే ముందు ఒక్కటే కనిపించింది. నరసరాజు తన వైపు చూడడం లేదు. గడియారం వైపు చూస్తున్నాడు.

ఎయిర్‌పోర్టు డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. ప్రేమమ్మ దగ్గర మిగిలినవి రెండే సూదులు. మొదటిది వేసింది. పెదాలు నల్లబడుతూనే ఉన్నాయి. నోట్లో నోరు పెట్టి గాలి ఊదింది, రెండోది వేసింది. "యేసయ్యా, మైకు లేదు, చీటీ లేదు, జర విను!" అని ఏడుస్తూ మళ్లీ ఊదింది. ఒకటి, రెండు, మూడు... మార్కు ఛాతీ ఎగిరిపడింది. దగ్గాడు. కక్కాడు. కళ్లు తెరిచాడు.

ప్రేమమ్మ లాగి చెంప మీద కొట్టింది. "ముందుగల్ల చెప్పవారా నాకు?"

"చెప్తే... చీటీ రాస్తవు గదక్కా."

డాక్టరు మార్కు నాడి చూసి, లేచి దశరథం వైపు తిరిగాడు. "ఈ ఇంజెక్షన్‌కు లేచాడంటే ఇది ఓపియాయిడే. మీ కిట్టుకు తెలియని ఓపియాయిడ్. సంతకం పెట్టి రాసిస్తాను, ఏ కోర్టుకైనా వస్తాను."

దశరథం క్రోల్ పాస్‌పోర్టు లాక్కున్నాడు. విమానం ఒక సీటు ఖాళీగా లేచిపోయింది. ఒక పొట్లం విప్పి మొహం దగ్గర పెడతానని దశరథం అన్న రెండో నిమిషంలో క్రోల్ గోడౌన్ అడ్రసు చెప్పేశాడు. బాలాపూర్ రోడ్డులో పాత కోళ్ల షెడ్డు. ఆరింటికి పది నిమిషాల ముందు నలభై వేల పొట్లాలు పట్టుబడ్డాయి. మర్నాడు జిల్లా ఆస్పత్రులన్నిటికీ సర్క్యులర్ వెళ్లింది, దాని వెనకే సూదులు వెళ్లాయి. బిందు అప్రూవర్‌గా మారి, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కోర్టులో ఏడ్చింది. చచ్చిన పదకొండు మంది పేర్లు మాత్రం ఏ కాగితంలోనూ వాటంతట అవి ఎక్కలేదు. ప్రేమమ్మే అడిగి అడిగి ఎక్కించింది.

నరసరాజు ఏమయ్యాడంటారా? బిందు కోర్టులో నోరు విప్పేలోపే, ఆపరేషన్ తన ఆధ్వర్యంలోనే నడిచిందని పై ఆఫీసుకు రాసుకున్నాడు. ఆస్పత్రి మంచం మీదున్న మార్కుకు స్వహస్తాలతో సంతకం పెట్టి ఒక మెమో పంపాడు. 'డ్యూటీకి సంబంధించిన ప్రదేశంలో ప్రమాదకరమైన మత్తుపదార్థం సేవించినందుకు తమపై ఎందుకు చర్య తీసుకోరాదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలసినది.'

మార్కు మూడుసార్లు చదివాడు. పెన్ను అడిగి తీసుకుని, నకళ్లు కోర్టుకూ దశరథానికీ పంపేలా కార్బన్ కాగితాలు పెట్టి జవాబు రాశాడు:

'అయ్యా, ఆ పొట్లంలో ఉన్నది సుద్దపొడి అని తమరే సంతకం పెట్టిన రిపోర్టు చూపించారు. ఇప్పుడు మత్తుపదార్థం అని తమరే సంతకం పెట్టారు. రెండింట్లో ఏ సంతకం తమరిదో తెలియజేస్తే, మిగిలిన సంజాయిషీ తమరే ఇచ్చుకోవచ్చు.'